యాసిడ్ హౌస్‌లో బాయ్ జార్జ్ గొంతు ఏమైంది?

1983లో బ్రిటన్‌లో అన్నిటికంటే ఎక్కువగా అమ్ముడుపోయిన సింగిల్ ‘కర్మ కెమీలియన్’. బ్యాండ్ కల్చర్ క్లబ్, గొంతు బాయ్ జార్జ్‌ది. ఆరు వారాలు అక్కడ నంబర్ వన్‌గా నిలిచి, మరుసటి ఏడాది అమెరికాలోనూ నంబర్ వన్ అయింది. ఐదేళ్ళు తిరిగేసరికి, 1988 వేసవిలో, అదే మనిషి ‘నో క్లాజ్ 28’ అనే డాన్స్ పాట తెచ్చాడు. అది బ్రిటన్ అమ్మకాల చార్టులో 57వ స్థానం దాకా ఎక్కి ఆగిపోయింది.

బాయ్ జార్జ్ గురించి రాసేవాళ్ళలో చాలామంది ఈ పాటను ఒక్క వాక్యంలో దాటేస్తారు. నాకు మాత్రం అతని ప్రయాణంలో అసలు మలుపు అదే అనిపిస్తుంది. అతను వెళ్ళి చేరిన సంగీతం యాసిడ్ హౌస్. అందులో గాయకుడికి పెద్దగా పని లేదు. పల్లవి, చరణం అనే లెక్క లేదు. కథ ఉండదు, చాలాసార్లు మాటలే ఉండవు. ఒక యంత్రం దరువు వేస్తుంటే ఇంకో యంత్రం మూలుగుతూ ఉంటుంది. గొంతు మీద, వేషం మీద బతికిన పాప్ స్టార్ అలాంటి చోటికి వెళ్ళి ఏం చెయ్యగలడు? దీనికి జవాబు వెతుక్కుంటూ జార్జ్ మూడేళ్ళు గడిపాడు. చివరికి అతనికి దారి దొరికింది, మనం ఊహించని చోట: హరే కృష్ణ భజనలో.

అక్కడిదాకా వెళ్ళాలంటే ముందు ఒక చిక్కు విప్పుకోవాలి. ‘యాసిడ్ హౌస్’ అనే మాటను రెండు అర్థాల్లో వాడతారు. అమెరికాలో, ముఖ్యంగా షికాగోలో, అది ఒక శబ్దం పేరు. ఒకే ఒక యంత్రం నుంచి వచ్చే, వింటే ఇట్టే గుర్తుపట్టే శబ్దం. బ్రిటన్‌లో 1988 నుంచి అది ఒక కాలం పేరు, ఒక గుంపు పేరు. ఆ క్లబ్బుల్లో ఏ పాట వేసినా, నవ్వుముఖం బొమ్మ టీషర్టు ఎవరు వేసుకున్నా అంతా యాసిడ్ హౌసే. ఈ రెండు అర్థాలూ కలగాపులగం అవడం వల్లే ‘ఫలానా పాప్ గాయని యాసిడ్ హౌస్ చేసింది’, ‘కాదు, అది యాసిడ్ హౌసే కాదు’ అనే వాదన ఇప్పటికీ తెగదు. ఇద్దరూ చెప్పేది నిజమే, ఎవరి అర్థంలో వాళ్ళది.

వెండిరంగు పెట్టె

శబ్దం సంగతి చూద్దాం. జపాన్‌కు చెందిన రోలాండ్ కంపెనీ 1981లో టీబీ-303 అనే చిన్న పెట్టె తెచ్చింది. ఒళ్ళో పెట్టుకుని వాయించుకోవచ్చు, బ్యాటరీలతో నడుస్తుంది. రూపొందించిన ఇంజనీర్ తడావో కికుమోటో. ఇంట్లో ఒంటరిగా గిటార్ సాధన చేసేవాళ్ళకు పక్కన బేస్ గిటార్ వాయించే మనిషి ఉండడు కదా, ఆ లోటు తీర్చాలన్నది ఉద్దేశం. మన దగ్గర పాట నేర్చుకునేవాళ్ళు తంబురాకు బదులు ఎలక్ట్రానిక్ శ్రుతి పెట్టె పెట్టుకుంటారే, అలాంటిదన్నమాట. కానీ అది బేస్ గిటార్‌లా మోగలేదు. దానిలోకి స్వరాలు ఎక్కించడం పెద్ద తలనొప్పి. దాదాపు 10,000 పెట్టెలు తయారుచేశాక 1984లో కంపెనీ ఆపేసింది. ఎవరికీ అక్కర్లేని సరుకు సెకండ్‌హ్యాండ్ కొట్లలో చవగ్గా దొరికేది. షికాగో కుర్రాళ్ళ చేతికి చిక్కింది అందుకే.

ఆ పెట్టె పనిచేసే తీరు కాస్త దగ్గరగా చూడాలి, ఎందుకంటే మొత్తం కథ దానిలోనే ఉంది. వరసగా పదహారు గళ్ళు ఉన్నాయనుకోండి. ఒక్కో గడిలో ఒక స్వరం పెట్టొచ్చు, లేదా ఖాళీగా వదిలెయ్యొచ్చు. ప్రతి స్వరానికీ ఇంకో రెండు సంగతులు నిర్ణయించాలి. ఒకటి, దాన్ని ఒత్తి పలకాలా వద్దా. రెండోది, ఆ స్వరం తెగి ఆగాలా, లేక పక్క స్వరంలోకి జారాలా. కర్ణాటక సంగీతం తెలిసినవాళ్ళకు ‘జారు’ అనే మాట కొత్త కాదు. ఆ జారే యంత్రంలో ఉంది. పదహారు గళ్ళూ నింపి మీట నొక్కితే ఆ వరస తిరిగి తిరిగి వస్తూనే ఉంటుంది, ఆపేదాకా.

ఇక పైన గుండ్రటి బిరడాలు ఉంటాయి. వాటిని తిప్పితే ఏమవుతుందో తెలియాలంటే ఒక పని చెయ్యండి. నోటికి అరచెయ్యి అడ్డం పెట్టుకుని ‘ఆ’ అని గట్టిగా అంటూ చేతిని మెల్లగా పక్కకు తియ్యండి. స్వరం మారదు. కానీ మూసుకుపోయిన శబ్దం విచ్చుకుంటుంది, పదునెక్కుతుంది. ఒక బిరడా చేసే పని అదే. పక్కనున్న ఇంకో బిరడా ఆ విచ్చుకునే అంచు దగ్గర శబ్దాన్ని కీచుమనిపిస్తుంది. రెండూ కలిపి తిప్పుతుంటే అదే పదహారు గళ్ళ వరస ఒకసారి నీళ్ళలో మునిగినట్టు గుడగుడలాడుతుంది, ఒకసారి పిల్లిలా అరుస్తుంది, ఇంకోసారి మనిషి ఏదో చెప్పబోయి ఆగిపోయినట్టు ఉంటుంది.

షికాగోలో డీజే పియర్, స్పాంకీ, హెర్బ్ జే అనే ముగ్గురు కుర్రాళ్ళు ‘ఫ్యూచర్’ అనే పేరుతో కలిశారు. పియర్ ఆ పెట్టె నడుస్తుండగా ఊరికే బిరడాలు తిప్పుతూ పోయాడు. తయారీదారు వద్దనుకున్న శబ్దాలన్నీ బయటికొచ్చాయి. ఆ టేపును మ్యూజిక్ బాక్స్ క్లబ్బులో డీజే రాన్ హార్డీకి ఇచ్చారు. మొదటిసారి వేసినప్పుడు జనం పక్కకు తప్పుకున్నారట. హార్డీ పట్టు వదల్లేదు, అదే రాత్రి మళ్ళీ మళ్ళీ వేశాడు. నాలుగోసారికి ఊగిపోయారని పియర్ చెబుతూ ఉంటాడు. మార్షల్ జెఫర్సన్ ప్రొడ్యూసర్‌గా 1987లో ట్రాక్స్ అనే రికార్డు కంపెనీ లేబుల్ మీద అది ‘యాసిడ్ ట్రాక్స్’ పేరుతో వచ్చింది. పదకొండు నిమిషాలకు పైనే ఉంటుంది. మొదటిసారి విన్నప్పుడు నాలుగో నిమిషం దాకా నాకేమీ అర్థం కాలేదు. పాట ఎప్పుడు మొదలవుతుందా అని ఎదురుచూస్తూ కూర్చున్నాను. ఇక మొదలయ్యేదేమీ లేదని, ఆ బిరడా తిరగడమే పాట అని తట్టిన క్షణం నుంచి హెడ్‌ఫోన్స్ తియ్యబుద్ధి కాలేదు.

యాసిడ్ అనగానే మనకు బాత్రూమ్ కడిగే సీసా గుర్తొస్తుంది. అమెరికా యాసలో అది ఎల్‌ఎస్‌డీ అనే మత్తుమందుకు మారుపేరు. పాటకు ఆ పేరు మందు వల్ల వచ్చిందా, చెవిని కాల్చే ఆ శబ్దం వల్ల వచ్చిందా అన్నదానిమీద అక్కడివాళ్ళలోనే ఏకాభిప్రాయం లేదు. ‘హౌస్’ అన్నది మాత్రం షికాగోలో 1977లో తెరిచిన వేర్‌హౌస్ క్లబ్బు పేరు నుంచి వచ్చిందనే ఎక్కువమంది అంటారు. అక్కడ ఫ్రాంకీ నకల్స్ రికార్డులు వేసేవాడు. వచ్చేవాళ్ళలో ఎక్కువమంది నల్లజాతి, లాటినో గే యువకులు. అదే ఊళ్ళో 1979 జులై 12న కొమిస్కీ పార్క్ బేస్‌బాల్ మైదానంలో వేలమంది ముందు డిస్కో రికార్డులు కుప్పపోసి పేల్చేశారు. బయట కాలిపోయిన డిస్కోని లోపల చీకట్లో కాపాడుకున్నవాళ్ళ సంగీతం హౌస్. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, జార్జ్ దగ్గరికి వచ్చినప్పుడు పనికొస్తుంది.

అద్దం నుంచి పొగలోకి

1979 ప్రాంతంలో లండన్ కోవెంట్ గార్డెన్‌లో బ్లిట్జ్ అనే క్లబ్ ఉండేది. గుమ్మం దగ్గర స్టీవ్ స్ట్రేంజ్ నిలబడి వేషం బాగుంటేనే లోపలికి పంపేవాడు. రోలింగ్ స్టోన్స్ గాయకుడు మిక్ జాగర్‌నే వెనక్కి పంపేశాడని చెప్పుకుంటారు. అక్కడ కోట్లు, సంచులు దాచే గదిలో పనిచేసిన కుర్రాడు జార్జ్ ఓ’డౌడ్. తరవాత బాయ్ జార్జ్ అయింది అతనే. రంగు రంగుల రిబ్బన్లు కట్టిన జడలు, వెడల్పు టోపీ, నుదుటి దాకా దిద్దిన కనుబొమలు, ఆడో మగో తేల్చుకోలేని రూపం. 1982లో టీవీలో మొదటిసారి కనిపించినప్పుడు బ్రిటన్‌లో ఇంటింటా అదే చర్చ. కనిపించడమే అతని కళ. ఆ కళ వెనక నిజంగా మంచి గొంతు ఉంది. అమెరికా సోల్ గాయకుల నుంచి నేర్చుకున్న మెత్తదనం, కాస్త బరువు, కాస్త బొంగురు.

1986 వచ్చేసరికి అంతా తలకిందులైంది. కల్చర్ క్లబ్ విడిపోయింది. హెరాయిన్ కేసులో జార్జ్ అరెస్టయ్యాడు. అదే ఏడాది అతనితో పనిచేస్తున్న సంగీతకారుడు ఒకరు అతని ఇంట్లోనే చనిపోయాడు. 1987లో ఒంటరిగా పాడిన రెగె పాట ‘ఎవ్రీథింగ్ ఐ ఓన్’ నంబర్ వన్ అయింది గానీ, ఆ తర్వాత పాటలు ఒక్కొక్కటిగా జారిపోయాయి.

సరిగ్గా ఆ సమయంలోనే లండన్ మారిపోయింది. 1987 వేసవిలో డానీ రాంప్లింగ్, పాల్ ఓకెన్‌ఫోల్డ్, నిక్కీ హోలోవే, జానీ వాకర్ అనే నలుగురు లండన్ డీజేలు స్పెయిన్‌లోని ఇబీజా ద్వీపానికి సెలవులకు వెళ్ళారు. అక్కడ అమ్నీజియా క్లబ్బులో ఆల్ఫ్రెడో అనే డీజే షికాగో హౌస్, రాక్, పాప్ అన్నీ కలిపి తెల్లవార్లూ వేసేవాడు. ఎక్స్‌టసీ అనే మత్తు మాత్ర కూడా వాళ్ళకు పరిచయమైంది అక్కడే. తిరిగొచ్చిన రాంప్లింగ్ ఆ ఏడాది చివర్లో థేమ్స్ నదికి దక్షిణాన సదక్ ప్రాంతంలో ఒక ఫిట్‌నెస్ సెంటర్ అద్దెకు తీసుకుని షూమ్ అనే క్లబ్ నైట్ మొదలుపెట్టాడు.

షూమ్ లోపల ఎలా ఉండేదో వెళ్ళినవాళ్ళు చెప్పింది వింటే బ్లిట్జ్‌కు అది పూర్తిగా ఎదురుకొస అని అర్థమవుతుంది. స్ట్రాబెర్రీ వాసన పొగ గదంతా ఎంత దట్టంగా నింపేవాళ్ళంటే చెయ్యి చాపితే వేళ్ళు కనిపించేవి కావు. పొగలో మెరుపు దీపాలు. వదులు టీషర్టు, చెమట, అద్దాలంతా ఆవిరి. ఎవరు ఏం కట్టుకున్నారో చూసేవాడు లేడు. పక్కన ఆడేది పాప్ స్టారో, ఇటుకలు మోసేవాడో తెలీదు, తెలిసినా లెక్కలేదు. అలాంటి గదిలోకి బాయ్ జార్జ్ వెళ్ళాడు. కనిపించడమే కళగా పెట్టుకున్న మనిషి, ఎవరూ ఎవరికీ కనిపించని చోటికి.

మత్తుమందు ఊసు ఎత్తకుండా ఈ కథ చెబితే అది అబద్ధమవుతుంది. ఆ గదుల్లో చాలామంది ఎక్స్‌టసీ మింగేవాళ్ళు. కొందరి ప్రాణాలు పోయాయి కూడా. కానీ హెరాయిన్ మనిషిని గదిలో ఒంటరిగా కూర్చోబెడితే, ఈ సంగీతం వందలమంది మధ్య నిలబెట్టింది. అప్పుడప్పుడే హెరాయిన్ నుంచి బయటపడుతున్న జార్జ్‌కు ఆ గుంపు ఎందుకు నచ్చిందో ఊహించడం కష్టం కాదు.

‘నో క్లాజ్ 28’ ఆ వేడిలో పుట్టింది. పేరులోని 28 ఒక చట్టంలోది. 1988 మే 24న అమల్లోకి వచ్చిన స్థానిక ప్రభుత్వాల చట్టంలో 28వ సెక్షన్. బిల్లుగా ఉన్నప్పుడు క్లాజ్ అన్నారు, జనం నోట ఆ పేరే నిలిచింది. స్థానిక కౌన్సిళ్ళు స్వలింగ ప్రేమను ‘ప్రోత్సహించకూడదు’, అలాంటి జంటల్ని కుటుంబంగా ఒప్పుకోవచ్చని కౌన్సిల్ బడుల్లో బోధించకూడదు అన్నది దాని సారం. ఎయిడ్స్‌తో మనుషులు పోతున్న రోజులవి. దాని భయాన్ని గే యువకుల మీదికి తిప్పి రాసే పత్రికలు ఎక్కువ. మార్గరెట్ థాచర్ ప్రభుత్వం. ఆ చట్టం వద్దంటూ మాంచెస్టర్‌లో వేలమంది వీధిలోకి వచ్చారు.

జార్జ్ చేసింది మెలోడీ పాట కాదు. హౌస్ దరువు మీద నినాదం. అతని పాత అభిమానులకు అది పాటలాగే అనిపించి ఉండదు. కానీ ఇందాక గుర్తుపెట్టుకోమన్న సంగతి ఇక్కడ పెట్టి చూడండి. హౌస్ పుట్టింది, బయట తరిమేస్తే లోపల చేరిన గే యువకుల క్లబ్బుల్లో. ఇప్పుడు బ్రిటన్‌లో ప్రభుత్వమే చట్టం చేసి తరుముతుంటే, ఒక గే గాయకుడు ఆ దరువునే అందుకుని దాని మీద ‘వద్దు’ అన్నాడు. ఫ్యాషన్ కోసం తెచ్చుకున్న దరువు కాదు అది. 57వ స్థానం అనే అంకె చూసి ఆ పాటను కొట్టిపారెయ్యడం నాకు సరిగా అనిపించకపోవడానికి కారణం అదే.

అందరూ ఎక్కిన బండి

1988 శరదృతువు నాటికి యాసిడ్ హౌస్ అందరి నోటా ఉంది. ఏప్రిల్ నెలాఖరులోనే ఎస్ ఎక్స్‌ప్రెస్ పాట నంబర్ వన్ అయింది. అక్టోబరులో డీ మాబ్ ‘వి కాల్ ఇట్ ఆసీడ్’ మూడో స్థానం దాకా వెళ్ళింది. ‘ది సన్’ పత్రిక నవ్వుముఖం బొమ్మ వేసిన టీషర్టులు పాఠకులకు అమ్మింది, కొన్ని రోజులకే ఎక్స్‌టసీ మీద భయపెట్టే కథనాలతో మొదటి పేజీలు నింపింది. బట్టల దుకాణాల గొలుసులు ఆ టీషర్టుల్ని షెల్ఫుల నుంచి తీసేశాయి.

ఆ కొన్ని నెలల్లో ఈ బండి ఎక్కిన పాప్ తారలు చాలామంది ఉన్నారు. సమంతా ఫాక్స్ ‘లవ్ హౌస్’ పాడింది, 32వ స్థానం దాకా పోయింది. హాయిగా ఉండే పాట, కానీ అందులో ఆ కొత్త శబ్దం బట్టల మీద కుట్టిన అంచులా పైపైనే ఉంటుంది. ఫ్రాంకీ గోస్ టు హాలీవుడ్ బ్యాండ్‌లో ఉన్న పాల్ రూథర్‌ఫర్డ్ ‘గెట్ రియల్’ అలా కాదు, ఆ క్లబ్బుల్లో తిరిగినవాడి పాట అది, పెద్దగా ఆడకపోయినా. అన్నిటికంటే నన్ను బాధపెట్టేది పాల్ వెల్లర్ సంగతి. స్టైల్ కౌన్సిల్ బ్యాండ్‌తో 1989లో హౌస్ సంగీతం మీద ప్రేమతో ఒక పూర్తి ఆల్బమ్ చేశాడు. పాలిడోర్ కంపెనీ వద్దని తిప్పికొట్టింది. ఆ ఆల్బమ్ వెలుగు చూసింది 1998లో, అదీ ఒక పాత పాటల సంపుటిలో భాగంగా. బ్యాండ్ అప్పటికే విడిపోయి ఏళ్ళయింది.

ఇవన్నీ వరసగా విన్నాక నాకు తేలింది ఒకటే. పాప్ పాటలో గొంతు రాజు, దరువు సేవకుడు. యాసిడ్ హౌస్‌లో 303 పెట్టెదే గొంతు. దాని మీద ఇంకో పెద్ద గొంతు నిలబెడితే రెండూ ఒకదాన్నొకటి తోసుకుంటాయి. గాయకుడు పట్టుబట్టి ముందు నిలబడితే పెట్టె అలంకారం అయిపోతుంది, మనం వినేది మామూలు పాపే. వెనక్కి తగ్గితే కంపెనీ ‘నీ అభిమానులు ఎవరి పాట కొంటారు?’ అని అడుగుతుంది. ఆ రోజుల్లో ఈ టెన్షన్ పడని పాప్ స్టార్ లేడు.

జార్జ్ విషయంలోనూ కంపెనీకి ఏం చెయ్యాలో పాలుపోలేదు. 1988లో వచ్చిన ‘టెన్స్ నర్వస్ హెడేక్’ ఆల్బమ్‌ను బ్రిటన్‌లో విడుదలే చెయ్యలేదు. అమెరికాలో మరో రకం పాటలు, యూరప్‌లో ఇంకో రకం. అప్పుడతను ఒక తెలివైన పని చేశాడు. తన పేరు తీసేశాడు.

1989లో మోర్ ప్రోటీన్ అనే సొంత లేబుల్ మొదలుపెట్టాడు. దాని మీద ఈ-జీ పాసీ అనే బృందం పేరుతో ‘ఎవ్రీథింగ్ స్టార్ట్స్ విత్ యాన్ ఈ’ వచ్చింది. అందులో ముందున్న గొంతు జార్జ్‌ది కాదు, ఎంసీ కింకీ అనే లండన్ అమ్మాయిది. జమైకా పద్ధతిలో గబగబా పలుకుతూ పోతుంది. డీజే జెరెమీ హీలీ, జార్జ్ వెనక ఉన్నారు. పేరులోని ‘ఈ’ అంటే ఎక్స్‌టసీ అని అప్పటి కుర్రకారుకు విడమరచనక్కర్లేదు. మొదట 69 దగ్గర ఆగిన ఆ రికార్డు 1990లో మళ్ళీ విడుదలై 15వ స్థానానికి వెళ్ళింది. అంటే బాయ్ జార్జ్ పేరున్న డాన్స్ పాట 57 దగ్గర ఆగితే, అతని పేరు కనిపించనిది 15 దాకా ఎక్కింది. క్లబ్బుల్లో అది పాప్ స్టార్ రికార్డుగా కాకుండా మామూలు రికార్డుగా చేరడమే దీనికి కారణం అనుకుంటాను. ఆ రోజుల్లో డీజేలకు తెల్ల లేబుల్ రికార్డులు వచ్చేవి, పేరూ ఊరూ లేకుండా. చేసినవాడెవడో తెలీకపోవడం అక్కడ లోటు కాదు, మర్యాద.

తన గొంతు వాడిన పాటలకు కూడా బృందం పేరు వేరే పెట్టుకున్నాడు: జీసస్ లవ్స్ యు. రచయితగా ఏంజెలా డస్ట్ అనే మారుపేరు. మొదటి సింగిల్ ‘ఆఫ్టర్ ది లవ్’ కల్చర్ క్లబ్ డ్రమ్మర్ జాన్ మాస్‌తో కలిసి రాసింది. ఒకప్పుడు వాళ్ళిద్దరూ ప్రేమికులు, విడిపోయారు. ఆ బాధ పాటలో దాగదు. ‘జనరేషన్స్ ఆఫ్ లవ్’ 1990లో వచ్చింది. ఇబీజా వెళ్ళొచ్చిన ఓకెన్‌ఫోల్డే దానికి రీమిక్స్ చేశాడు. ఈ పాటల్లో జార్జ్ గొంతు ఉంది, కానీ పద్ధతి మారింది. సాగదీసి గమకాలు పోవడం తగ్గింది. చిన్న చిన్న పలుకులు పలికి పక్కకు తప్పుకుంటాడు, దరువు ముందుకొస్తుంది, మళ్ళీ వస్తాడు.

భజన గోష్ఠిలో ముందు పాడేవాడు

1991 మొదట్లో వచ్చిన ‘బౌ డౌన్ మిస్టర్’ దగ్గర నేను ఎక్కువసేపు ఆగిపోతాను. ‘వంగి దణ్ణం పెట్టవయ్యా’ అని పేరు. జార్జ్ అప్పటికి హరే కృష్ణ ఉద్యమం వైపు మొగ్గాడు, భారత్ వచ్చి వెళ్ళాక రాసిన పాట ఇది. చర్చి కోరస్ లాంటి బృందగానం, ఇండియన్ తాళాలు, మీదుగా హరే కృష్ణ హరే రామ నామం. అందులో ఆశా భోస్లే గొంతు వినిపిస్తుంది. మనకు హిందీ సినిమాల నుంచి, కొన్ని తెలుగు పాటల నుంచి చిన్నప్పటి నుంచీ తెలిసిన గొంతు, ఇంగ్లీషు క్లబ్బు పాటలో! అది బ్రిటన్‌లో 27వ స్థానం దాకా వెళ్ళింది.

లండన్ జనానికి ఆ నామం కొత్త కాదు. 1969లోనే రాధా కృష్ణ టెంపుల్ భక్తుల చేత బీటిల్స్ బ్యాండ్ గిటారిస్టు జార్జ్ హారిసన్ దాన్ని రికార్డు చేయిస్తే 12వ స్థానానికి ఎక్కింది. ఆక్స్‌ఫర్డ్ స్ట్రీట్‌లో షాపింగుకు వెళ్ళినవాళ్ళెవరికైనా తాళాలు కొట్టుకుంటూ పోయే కాషాయ గుంపు ఎదురయ్యేది. కొత్తదనం ఏమిటంటే, 1988 తర్వాతి క్లబ్బు మనిషి దాన్ని వినే చెవి మారిపోయింది. ఒకే వరస వందసార్లు తిరిగి రావడం అతనికిప్పుడు విసుగు కాదు.

మన ఊళ్ళలో ధనుర్మాసం భజన చూసినవాళ్ళకు నేను చెప్పేది వెంటనే తెలుస్తుంది. రాత్రి పొద్దుపోయాక గుళ్ళో పదిమంది కూర్చుంటారు. ఒకాయన ముందు పాడతాడు, మిగతావాళ్ళు అందుకుంటారు. అదే నామం. నలభైసార్లో, అరవైసార్లో. మాటలు మారవు, వరస మారదు. మారేది వేగం, తాళాల గట్టిదనం, గొంతుల్లో పెరిగే వేడి. మొదట్లో ముందు పాడేవాడి గొంతు విడిగా వినిపిస్తుంది. పావుగంటకు అది గుంపులో కలిసిపోతుంది. అతను పాడటం ఆపలేదు, కానీ ఏది ఎవరి గొంతో చెప్పలేం. ఆఖరున ఒక్కసారిగా ఆపితే గుడి గోడలు ఇంకా మోగుతున్నట్టే ఉంటుంది. ఆ నిశ్శబ్దంలో ఎవరూ ‘బాగా పాడావు’ అనరు, అక్కడ ఆ మాటకు చోటు లేదు.

బాయ్ జార్జ్ వెతుక్కున్న స్థానం అదని నా నమ్మకం. యాసిడ్ హౌస్‌లో రాజుగా నిలబడే గాయకుడికి చోటు లేదు. ముందు పాడి, అందించి, గుంపులో కలిసిపోయేవాడికి ఉంది. 303 పెట్టె పదహారు గళ్ళను తిప్పినట్టే భజన ఒక నామాన్ని తిప్పుతుంది. రెండిట్లోనూ కథ ముందుకు పోదు, లోతుకు పోతుంది. గట్టిగా లెక్కేస్తే ‘బౌ డౌన్ మిస్టర్’లో ఆ షికాగో మూలుగు లేదు కాబట్టి మొదటి అర్థంలో అది యాసిడ్ హౌస్ కాదు. ఆ వాదన నేను ఒప్పుకుంటాను. అయినా ఆ సంగీతం గాయకుడిని అడిగిన ప్రశ్నకు జార్జ్ చేసిన వాటిలో నిండైన జవాబు అదే. దీన్నీ ముందు సింగిల్స్‌నూ కలిపి తెచ్చిన ఆల్బమ్ ‘ది మార్టిర్ మంత్రాస్’.

మన వైపు నుంచి ఇంకో ముడి ఉంది, అది జార్జ్‌ది కాదు, పెట్టెది. బొంబాయి సినిమా ఆర్కెస్ట్రాల్లో, ఆర్.డి. బర్మన్ దగ్గర సహా, వాయించిన చరణ్‌జిత్ సింగ్ 1982లో ‘సింథసైజింగ్: టెన్ రాగాస్ టు ఎ డిస్కో బీట్’ అనే రికార్డు చేశాడు. రోలాండ్ వాళ్ళ టీబీ-303, టీఆర్-808, జూపిటర్-8 యంత్రాల మీద భైరవి, లలిత్, భూపాలి, మాల్కౌన్స్ వంటి పది హిందుస్తానీ రాగాలు. మనవాళ్ళు భూపాలిని మోహన అంటారు, మాల్కౌన్స్‌ను హిందోళం అంటారు. అప్పట్లో దాన్ని పట్టించుకున్నవాళ్ళు లేరు. ఎడో బౌమన్ అనే డచ్ సంగీతప్రియుడికి 2002లో ఢిల్లీలో ఒక కాపీ దొరికింది, 2010లో మళ్ళీ విడుదల చేశాడు. విన్నవాళ్ళు నిర్ఘాంతపోయారు: షికాగో కంటే ఐదేళ్ళ ముందే ఆ జారుడు, ఆ కీచు, ఆ దరువు. షికాగో కుర్రాళ్ళు ఈ రికార్డు విని నేర్చుకున్నారని అనడానికి ఆధారం లేదు. ఇద్దరూ ఎవరి దారిన వాళ్ళు అదే పెట్టె దగ్గరికి వచ్చారు. నాకు తోచే కారణం సూటిగా ఉంది. స్వరం నుంచి స్వరానికి జారడం తెలిసిన మనిషికి, జారే యంత్రం చేతికిస్తే అతనికి రాగమే వస్తుంది. చరణ్‌జిత్ సింగ్ ఆ గుర్తింపు చూసి, ముసలితనంలో యూరప్ వేదికల మీద వాయించి, 2015లో కన్నుమూశాడు.

ఇక ఆ కాలం ఎలా ముగిసిందో రెండు మాటల్లో. 1989లో లండన్ చుట్టూ ఉన్న ఎం25 రోడ్డు పక్క పొలాల్లో వేలమందితో పార్టీలు జరిగాయి. 1990లో అనుమతి లేని పార్టీలకు జరిమానాను 20,000 పౌండ్ల దాకా పెంచుతూ చట్టం వచ్చింది. 1994 చట్టమైతే ఏకంగా ‘తిరిగి తిరిగి వచ్చే దరువు’ అనే మాటనే సెక్షన్‌లోకి ఎక్కించింది. సంగీతం మళ్ళీ నాలుగు గోడల మధ్యకు, లైసెన్సున్న పెద్ద క్లబ్బుల్లోకి చేరింది.

జార్జ్ కూడా దానితోపాటే అక్కడికి చేరాడు. 1995లో మినిస్ట్రీ ఆఫ్ సౌండ్ క్లబ్ ‘ది యాన్యువల్’ పేరుతో తెచ్చిన మిక్స్ ఆల్బమ్ మీద రెండు పేర్లున్నాయి, డీజే పీట్ టాంగ్, బాయ్ జార్జ్. ఈసారి తన పేరు దాచుకోలేదు. కానీ అతన్ని పిలిచింది పాడటానికి కాదు, వేరేవాళ్ళ పాటల్ని అతుకు కనపడకుండా ఒకదాని వెనక ఒకటి అందించడానికి. ఆ తర్వాత ఎన్నో ఏళ్ళు వారాంతాల్లో రికార్డుల పెట్టె పట్టుకుని క్లబ్బులు తిరిగాడు. అతను వద్దని అరిచిన సెక్షన్ 28ను స్కాట్లాండ్ 2000లో ఎత్తేసింది, ఇంగ్లండ్, వేల్స్ 2003లో.